చచ్చిన క్రిమి నేర్పే పాఠం

మా జలంత్రకోటలో పొరుగింటి కోడలు చంటివాణ్ణి ఒళ్లో వేసుకుని, "అక్కా, సూదిమందులో జబ్బు క్రిములే ఉంటాయట గదా! రాత్రంతా వీడికి జ్వరం. ఇక రెండోసారి వేయించను" అంది.

ఆమెకు హాఫ్‌కిన్ గారి సంగతి చెప్పాను. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. ఆయన ప్లేగు క్రిములను పెంచి, వేడితో చంపి, టీకామందు తయారుచేశారు. 1897 జనవరి 10న మొట్టమొదట తానే వేయించుకున్నారు. ఆయనకీ నొప్పీ, జ్వరమూ వచ్చి తగ్గాయి. ఆ తర్వాతే బైకుల్లా జైలులో ఒప్పుకున్న ఖైదీలకు వేశారు.

చచ్చిన క్రిమి పెరగదు, జబ్బు తేలేదు. కాని దాని రూపు చాలావరకు మిగిలే ఉంటుంది. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, టి కణాలకు చూపిస్తాయి. వాటి సాయంతో బి కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఈ హడావిడికే ఒళ్లు వెచ్చబడుతుంది. కొన్ని కణాలు ఆ క్రిమిని గుర్తుపెట్టుకుంటాయి. ఒక్కసారికి ఆ గుర్తు పలచన. మళ్లీ మళ్లీ చూపిస్తేనే గట్టిపడుతుంది.

1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో పిల్లలకు 6, 10, 14 వారాలకు వేసే మందులోనూ కోరింత దగ్గు క్రిములను చంపే కలుపుతారు. ఆ దగ్గు పసివాళ్లకు ప్రాణాంతకం.

జ్వరం మరీ ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మామూలు జ్వరానికి జడిసి మాత్రం మిగతా మోతాదులు మానకండమ్మా. సెలవు.