నడకకు కొలత, మోకాలికి కొత్త వంపు

మనిషి నడకను శాస్త్రీయంగా కొలిచే పని 1890లలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనే పరిశోధకుల చేతుల్లో రూపుదిద్దుకొని, రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాళ్లు కోల్పోయిన సైనికుల అవసరార్థం అమెరికాలోని బర్క్‌లీలో విస్తరించింది. ఆ విద్యను చెన్నైలో, ఇక్కడి మనుషుల అలవాట్లకూ ఇక్కడి దారులకూ అన్వయించినవారిలో ఐఐటీ మద్రాసు మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యురాలు సుజాతా శ్రీనివాసన్ ముందువరుసలో నిలుస్తారు. మోకాలి దిగువన కృత్రిమ కాలు ధరించినవారి నడకను గణిత నమూనాలతో విశ్లేషించి 2007లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన ఆమె, ఐఐటీ మద్రాసులో పునరావాస పరికరాలపై పరిశోధించే టీటీకే కేంద్రానికి సారథ్యం వహించారు.

నడకను పరీక్షించే ప్రయోగశాలలో మనిషి కీళ్ల వద్ద కాంతిని ప్రతిఫలించే చిన్న మార్కర్లను అంటించి, చుట్టూ అమర్చిన పరారుణ కెమెరాలతో వాటి కదలికలను నమోదు చేస్తారు. అడుగు పడినప్పుడు నేల తిరిగి పాదంపై చూపే బలాన్ని నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ అనే పలక కొలుస్తుంది. ఈ రెండు లెక్కలనూ కలిపితే ఒక్కో కీలు ఎంత శ్రమ పడుతోందో, రెండు కాళ్లూ బరువును ఎలా పంచుకుంటున్నాయో తేలుతుంది. వీటిలో అతి సున్నితమైన కొలత ఒకటుంది. కాలు గాలిలో ముందుకు ఊగేటప్పుడు కాలివేళ్లకూ నేలకూ మధ్య మిగిలే ఎడం ఒకటిన్నర సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మోకాలు, చీలమండ కలిసి ఈ ఎడాన్ని కాపాడతాయి గనుక, ఆ రెండింటినీ కోల్పోయినవారికి దారిలోని చిన్న రాయి కూడా ప్రమాదమే.

తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరిగే కృత్రిమ మోకాలు ఈ చిక్కును పూర్తిగా తీర్చలేదు. పాలీసెంట్రిక్ మోకాలులో నాలుగు కడ్డీలను కీళ్లతో జోడించడం వల్ల, అది వంగేకొద్దీ భ్రమణ కేంద్రం కూడా జరుగుతూ పోతుంది. అందువల్ల నిలబడినప్పుడు మోకాలు హఠాత్తుగా ముడుచుకోదు, ఊగేటప్పుడు కాలు కాస్త కురచై నేలకు తగలకుండా సాగుతుంది. ఈ సూత్రంతోనే సుజాతా శ్రీనివాసన్ బృందం బెంగళూరులోని మొబిలిటీ ఇండియా తదితర సంస్థలతో కలిసి రూపొందించిన 'కదం' అనే కృత్రిమ మోకాలు 2022లో విడుదలైంది. అది 160 డిగ్రీల వరకు వంగుతుంది కాబట్టి, బస్సులోనో ఆటోలోనో ఇరుకు చోట కూర్చున్నప్పుడు కాలును అడ్డంగా చాపుకోనక్కరలేదు. చదునైన నేల మీది నడకను మాత్రమే కొలిచి ఊరుకుంటే ఈ అవసరం ఏ పట్టికకూ ఎక్కేది కాదు.

అంతకు మూడేళ్ల ముందే, 2019లో, ఈ బృందం 'అరైజ్' అనే చక్రాల కుర్చీని అందించింది. చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తయారుచేసిన ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎవరి సాయమూ లేకుండా తమంతట తామే నిటారుగా నిలబడగలరు.