‘కాలం చెల్లిన’ మాటలు: మంచిర్యాల ప్రాంత రెవెన్యూ పదజాలం – ఒక పరిశీలన

వాడుక తప్పిన వస్తువును, పదాన్ని ఆంగ్లంలో ‘ఆబ్సొలీట్’ అంటారు. వాడుకలో లేకున్నా ప్రాచీనతా స్ఫురణకై ప్రయోగించే పదం ‘ఆర్కాయిక్’. తెలుగులో ఈ రెండింటికీ ‘పాత’ అనే విశేషణమే తరచుగా వాడబడుతున్నది. ‘కాలం చెల్లిన’ అన్న పలుకుబడి మాత్రం మొదటి అర్థానికి దగ్గరగా ఉన్నది. ‘చెల్లు’ ధాతువు నాణేనికీ, పత్రానికీ, బాకీకీ వర్తిస్తుంది. కనుక ఒక పదానికి కాలం చెల్లిందనడం, అది ఇక చెల్లుబాటు కాదని తీర్పు చెప్పడమే. ఈ తీర్పు ఎంతవరకు సమంజసమో మంచిర్యాల ప్రాంత రెవెన్యూ పదజాలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నిజాం రాష్ట్ర భూమిశిస్తు చట్టం 1317 ఫసలీలో, అనగా 1907–08లో వెలువడింది. పట్టా, పహాణీ, జమాబందీ వంటి ఉర్దూ పరిపాలనా పదాలు తెలంగాణ పల్లెల వ్యవహారంలో స్థిరపడినవి. ఇట్టి పదాల ప్రాముఖ్యాన్ని గుర్తించిన బ్రౌను 1854లోనే మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు.

ఈ పదాల గతి ఏకరూపంగా సాగలేదు. 1984లో పట్వారీ పదవి రద్దయింది. పదం మాత్రం జనుల నోట నిలిచింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినవి. అంతకుముందు మంచిర్యాల లక్షెట్టిపేట తాలూకాలోనిది. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడగా లక్షెట్టిపేట అందులో ఒక మండలమైనది. మండల వ్యవస్థతో తహసీల్దారు ‘మండల రెవెన్యూ అధికారి’ అయినాడు. కొంతకాలానికి పాత పేరే తిరిగి అధికారికమైనది. కాలం చెల్లిందనుకొన్న పదం మళ్లీ చెల్లుబాటైన ఉదాహరణమిది.

‘ఖాస్రా పహాణీ’ స్థితి మరింత గమనార్హం. 1954–55 నాటి ఈ దస్తావేజు పేరు నేటి యువతకు అపరిచితం. అయినను భూవివాదం తలెత్తినపుడు హక్కు మూలాన్ని వెదకువారు దానినే ఆశ్రయిస్తున్నారు. వ్యవహారంలో మరుగుపడిన పదం సాక్ష్యంలో సజీవంగా ఉన్నది. దాని అర్థం తెలియని రైతు తన భూమికి సంబంధించిన కాగితాన్ని తానే చదువుకోలేడు.

కాబట్టి పదవి పోవడం, పదం వాడుక తప్పడం, పత్రం చెల్లకపోవడం అనేవి మూడు వేర్వేరు స్థితులు. నిఘంటుకారులు ఇట్టి పదాలకు ‘పాత’ అను ఒక్క సూచికతో సరిపెట్టరాదు. వాడుక ఏనాడు తగ్గినదో, ఏ దస్తావేజులో నేటికీ కనిపించునో విడివిడిగా నమోదు చేయవలెను. అట్లు చేయని పక్షమున చరిత్రకే గాక, ఆ కాగితాలపై ఆధారపడిన రైతుకూ నష్టము.