మూతికి గుడ్డ ఎక్కిన కథ

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు ముక్కుకీ మూతికీ తువ్వాలు చుట్టుకుంటాడు. పొట్టూ దుమ్మూ తన లోపలికి పోకూడదని. ఆస్పత్రి మాస్కు పుట్టుక దీనికి సరిగ్గా విరుద్ధం. అది పెట్టుకున్నవాడి కోసం పుట్టలేదు, అతని ఎదుట బల్ల మీద కోతకు సిద్ధంగా పడుకున్న రోగి కోసం పుట్టింది. ఫ్లూ వచ్చినప్పుడు మాస్కు పనిచేస్తుందా లేదా అని నూరేళ్లకు పైగా సాగుతున్న వాదంలో ఈ సంగతి మాటిమాటికీ మరుగున పడుతోంది.

1897లో, అప్పటికి జర్మనీలో ఉన్న బ్రెస్లావ్ నగరంలో కార్ల్ ఫ్లూగ్గె అనే శాస్త్రవేత్త, మనిషి మామూలుగా మాట్లాడినా నోట్లోంచి సన్నటి తుంపర రాలుతుందనీ, అందులో బతికున్న సూక్ష్మజీవులుంటాయనీ చూపించాడు. అదే ఊళ్లో శస్త్రవైద్యుడు మికులిచ్ ఆ ఏడే మూతికి ఒక పొర పలుచని గాజ్ గుడ్డ కట్టుకుని ఆపరేషన్లకు దిగాడు. పారిస్‌లో శస్త్రవైద్యుడు పాల్ బెర్జే ఆరు పొరలు వేసి, దాని కింది అంచును ఏప్రన్‌కే కుట్టించాడు. ఆయనకు గడ్డం ఉండేది, దాన్నీ కప్పాలి కదా!

మాస్కును ఆపరేషన్ గదిలోంచి వీధిలోకి తెచ్చినవాడు వు లియెన్ తె. పినాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో వైద్యం చదివిన ఈ చైనా డాక్టరు 1910 డిసెంబరులో మంచూరియాలోని హార్బిన్‌కు చేరేటప్పటికి అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు మనుషుల్ని వరసపెట్టి తీసుకుపోతోంది. ఇది ఎలకలూ వాటి ఒంటి మీది ఫ్లీ పురుగులూ తెచ్చే ప్లేగు కాదు, దగ్గూ ఊపిరీ మోసుకొచ్చేదని ఆయన తేల్చాడు. రెండు పొరల గాజ్ గుడ్డ మధ్య దూది పెట్టి కట్టుకోమన్నాడు. ఆ మాట నమ్మని ఫ్రెంచి వైద్యుడు జెరాల్డ్ మెనీ మాస్కు లేకుండానే రోగుల్ని చూశాడు. కొద్ది రోజులకే, 1911 జనవరిలో, అదే ప్లేగుతో కన్నుమూశాడు. ఆ విడత మొత్తం మీద దాదాపు 60,000 మంది పోయారు.

ఏడేళ్లకు స్పానిష్ ఫ్లూ వచ్చింది. 1918 శరదృతువులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కును చట్టం చేసింది. కట్టుకోనివాళ్లకు 5 డాలర్ల నుంచి జరిమానా, కొందరికి జైలు. బాక్సింగ్ పోటీకి మాస్కు లేకుండా వెళ్లిన మేయర్ జేమ్స్ రాల్ఫ్ కూడా జరిమానా కట్టక తప్పలేదు. నవంబరు 21 మధ్యాహ్నం సైరన్లు మోగాయి, ఇక తీసెయ్యొచ్చని. జనం మాస్కుల్ని పీకి వీధుల్లో పారేశారు. రోగం మాత్రం మళ్లీ తల ఎత్తింది. జనవరిలో చట్టం తిరిగి వచ్చేసరికి దాన్ని ఎదిరించడానికి ఏకంగా ఒక సంఘమే ఏర్పడింది.

ఇంత చేసినా ఊరు బయటపడలేదు. ఎందుకని? కాలిఫోర్నియా ఆరోగ్య శాఖకు చెందిన విల్‌ఫ్రెడ్ కెలాగ్ ప్రయోగాలు చేసి 1920లో జవాబు ప్రచురించాడు. పలుచగా ఉంటే గుడ్డ తుంపరను ఆపలేదు. ఆపేటన్ని పొరలు వేస్తే ఊపిరాడదు, గాలి అంచుల పక్కనుంచి దారి చేసుకుంటుంది. మాస్కు మీద వచ్చిన తొలి నికార్సైన విమర్శ ఇదే అనిపిస్తుంది. ఇందులో తప్పు ఆ ఆలోచనది కాదు, ఆ గుడ్డది. పైగా ఆ రోజుల్లో ఫ్లూ ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుందనే చాలామంది డాక్టర్లు నమ్మేవాళ్లు. మనుషుల్లో ఫ్లూ తెచ్చే వైరస్ లండన్‌లో దొరికింది 1933లో.

తర్వాత గుడ్డ మారింది. నేయకుండా అతికించిన సన్నటి ప్లాస్టిక్ పోగులూ, వాటికి ఎక్కించిన విద్యుదావేశమూ కలిసి ఎన్95ను తయారు చేశాయి. పరీక్షలో 95 శాతం కణాల్ని ఆపాలన్నదే ఆ అంకెకు అర్థం. మరి ఫ్లూ దగ్గర ఇది మామూలు సర్జికల్ మాస్కు కన్నా మేలా? అమెరికాలో 2,862 మంది ఆరోగ్య సిబ్బందిపై జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో పరీక్షతో తేలిన ఫ్లూ ఎన్95 వాళ్లలో 8.2 శాతం, సర్జికల్ మాస్కు వాళ్లలో 7.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. దీన్ని పట్టుకుని మాస్కే దండగ అనడం పొరపాటు. అక్కడ రెండు జట్లూ మాస్కు కట్టుకున్నవే.

రోగి వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. 2013లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఫ్లూ ఉన్నవాళ్లు సర్జికల్ మాస్కు పెట్టుకున్నప్పుడు వాళ్లు విడిచే పెద్ద తుంపరల్లో వైరస్ 25 రెట్లు తగ్గింది, సన్నటి కణాల్లో దాదాపు మూడు రెట్లు. మికులిచ్ గుడ్డ చేసిన పనే ఇది. హైదరాబాద్‌లో 2009 మేలో దేశంలోనే తొలి స్వైన్ ఫ్లూ కేసు తేలాక మన దగ్గరా మందుల షాపుల ముందు జనం మాస్కుల కోసం ఎగబడ్డారు. ఎక్కువమంది అడిగింది తమ కోసమే. దగ్గేవాడి మూతికి అది ముందు చేరాలన్న ఎరుక తక్కువ.

హాంకాంగ్ పరిశోధకులు 2008లో మాస్కు పనితనాన్ని ఇళ్లలోనే పరీక్షించారు. ఒకరికి ఫ్లూ వచ్చిన ఇళ్లను మూడు రకాలుగా విడగొట్టి, కొందరికి చేతుల శుభ్రత నేర్పారు, కొందరికి దానితోపాటు మాస్కులూ ఇచ్చారు, కొందరికి ఆరోగ్యకరమైన జీవనశైలి గురించి మాత్రమే చెప్పారు. అన్నిటినీ కలిపి చూస్తే తేడా అంత గట్టిగా తేలలేదు. మాస్కులిచ్చిన ఇళ్లలోనూ చాలామంది వాటిని సరిగా పెట్టుకోలేదు. కానీ లక్షణాలు మొదలైన 36 గంటల్లోపు మాస్కూ చేతుల శుభ్రతా రెండూ అందిన ఇళ్లలో మిగతావాళ్లకు రోగం అంటడం స్పష్టంగా తగ్గింది. ఫ్లూ రోగి వైరస్‌ను బాగా వెదజల్లేది జ్వరం మొదలైన ఆ తొలి ఒకటి రెండు రోజుల్లోనే. మామూలు జలుబేలే అనుకుని ఇంటిల్లిపాదితో కలిసి కూర్చుని అన్నం తినేదీ అప్పుడే.