రెండు ఖాళీ దిమ్మెలు

శనివారం ఉదయం. పాదువా రైల్వే స్టేషన్ ముందు ట్రామ్ ఎక్కండి. ఇనుప చక్రాల మోత వినపడదు. రబ్బరు టైర్లు వేసుకుని, రోడ్డు మధ్యలో పరిచిన ఒకే ఒక్క పట్టాను పట్టుకుని నడిచే బండి ఇది. పాత ఊళ్లోకి వచ్చేసరికి వీధులు ఇరుకవుతాయి. ఇళ్ల కింది అంతస్తుల్లో కమానుల వరండాలు. ఎండావానా తగలకుండా జనం వాటి కిందే నడుస్తుంటారు. దక్షిణంగా ఇంకాస్త వెళ్లాక అటూ ఇటూ గోడలు ఒక్కసారిగా తప్పుకుని ఆకాశం బయటపడుతుంది. దిగండి. ప్రాతో దెల్లా వాల్లె ఇదే.

ఎంత పెద్దదో ముందు కంటికి అందదు. దాదాపు 90 వేల చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 22 ఎకరాలు. ఐరోపా నగరాల్లోని అతి పెద్ద కూడళ్లలో ఇదొకటి. నడుమ పచ్చటి దీవి. దాని చుట్టూ దీర్ఘవృత్తాకారంలో ఒక కాలువ. కాలువ రెండు గట్ల మీదా వరసగా రాతి మనుషులు. వాళ్ల వెనక రోడ్డు, రోడ్డుకు అవతల పాత మేడలు. ఒక పక్కన ఎనిమిది గుమ్మటాలతో శాంతా జుస్తీనా బసిలికా. అంత పెద్ద గుడికి ముందుగోడ మాత్రం వట్టి ఇటుకే. పాలరాతి తొడుగు వేయకుండానే వదిలేశారు. ఆ ఇటుక గోడను గుర్తుపెట్టుకోండి, సాయంత్రం దాని దగ్గరికే వెళ్లాలి.

శనివారం ఇక్కడ పెద్ద సంత. వెలుపలి చుట్టంతా తెల్ల గుడారాలు, వ్యాన్లు. బట్టలు, చెప్పులు, తోలు సంచులు, పూలకుండీలు, కూరగాయలు. వసంతకాలంలో వచ్చారు కాబట్టి ఒక బల్ల దగ్గర ఆగి చూడండి: బస్సానో ఊరి తెల్ల ఆస్పరాగస్. ఎండ తగిలితే రంగు మారుతుందని మట్టి కప్పి పెంచుతారు. బొటనవేలంత లావు కాడల్ని ఒకే పొడవున కోసి, లేత విల్లో కొమ్మతో నడుం దగ్గర బిగించి కట్టలు కడతారు. ముసలావిడ ఒకామె కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని కోసిన చివరను వేలితో నొక్కి చూస్తుంది. తడి ఉందా లేదా అన్నది ఆమె పరీక్ష. తడి ఉంది. బేరం లేకుండా డబ్బులు తీసింది.

సంతను దాటి కాలువ మీది రాతి వంతెన ఎక్కండి. ఇలాంటివి నాలుగున్నాయి. నీళ్లు లోతులేనివి, ఆకుపచ్చగా, కదిలీ కదలనట్టు ఉంటాయి. ఊరి పాత కాలువ అలికోర్నో నుంచి వచ్చే నీళ్లివి. వంతెన మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తే విగ్రహాల వరసలు వంపు తిరిగి కనుమరుగవుతాయి. వెలుపలి గట్టు మీద 40, లోపలి గట్టు మీద 38, మొత్తం 78. ఇక దీవి మీదికి దిగండి.

కాళ్ల కింద మెత్తటి గడ్డి. ఇక్కడ ఒకప్పుడు చిత్తడి నేల ఉండేది. అంతకుముందు రోమన్ల కాలంలో నాటకశాల ఉండేది. దాని పునాదులు మట్టిలో కూరుకుపోయి మిగిలాయి. సంతలు, గుర్రప్పందేలు ఇక్కడే జరిగేవి గానీ వాన పడితే నీళ్లు నిలిచి బురదయ్యేది. 1775లో వెనిస్ ప్రభుత్వం ఆంద్రేయా మెమ్మో అనే పెద్దింటి మనిషిని పాదువాకు పాలనాధికారిగా పంపింది. పాదువా అప్పుడు వెనిస్ ఏలుబడిలో ఉండేది. మెమ్మోకు ఈ బురదలో ఒక సంత కనిపించింది. నీళ్లు పోయే దారి చూపిస్తే నేల ఆరుతుంది; నేల ఆరితే దుకాణాలు వస్తాయి; దుకాణాలు వస్తే ఊరికి ఆదాయం వస్తుంది. ఆయన ఆలోచనంతా అదే. విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం బోధించే దొమెనికో చెరాతో నకాశా గీశాడు. చిత్తడిలోని నీళ్లను ఈ కాలువలోకి మళ్లించారు. నడుమ మిగిలిన నేల దీవి అయింది. ఇప్పటికీ దాన్ని మెమ్మో దీవి అనే పిలుస్తారు.

మరి విగ్రహాలకు డబ్బెక్కడిది? ఖజానా మీద భారం వేయకుండా మెమ్మో దాతల్ని పట్టుకున్నాడు. విగ్రహం ఖర్చు పెట్టుకున్నవాళ్లు తమకిష్టమైన మహనీయుణ్ని ఎంచుకోవచ్చు. కాకపోతే మూడు షరతులు. బతికున్నవాళ్ల విగ్రహం పెట్టకూడదు. సాధువులది పెట్టకూడదు, వాళ్లకు గుళ్లున్నాయి. పాదువాతో ఏదో ఒక సంబంధం ఉండాలి. పోలండ్ రాజు స్తనిస్వాఫ్ ఆగస్ట్ తన దేశపు పాత రాజులు స్టీఫెన్ బాతొరీ, యాన్ సొబియెస్కీల విగ్రహాలకు డబ్బిచ్చాడు. అలా ఒక్కో దాత ముందుకొస్తూ 1775లో మొదలైన వరస 1883 దాకా సాగింది. ఒక రాజు కట్టించుకున్న కీర్తి మండపం ఇది కాదు. నూరేళ్లకు పైగా ఎందరెందరో తలా ఒక రాయి వేసి నింపిన సభ. ఈ మాట మనసులో పెట్టుకుని నడవండి, ముందు పనికొస్తుంది.

గట్ల వెంట నెమ్మదిగా కదలండి. మెత్తటి సున్నపురాయి. రెండు శతాబ్దాల వానకు ముక్కులు అరిగాయి, వేళ్లు కొన్ని విరిగాయి, మడతల సందుల్లో నల్లటి నాచు పట్టింది. ఉత్తరం వైపు తిరిగిన చెంపలు మరీ నలుపు. దిమ్మెల మీద లాటిన్ అక్షరాలు. ట్రోయ్ నుంచి పారిపోయి వచ్చి ఈ ఊరికి పునాది వేశాడని కథల్లో చెప్పే అంతెనోర్ ఉన్నాడు. ఈ ఊళ్లోనే పుట్టి రోమ్ చరిత్ర రాసిన లివీ ఉన్నాడు. కవులు పెట్రార్క్, తాస్సో, అరియోస్తో ఉన్నారు. చిత్రకారుడు మంతెన్యా ఉన్నాడు. గెలీలియో ఉన్నాడు. ఆయన 1592 నుంచి 1610 దాకా పాదువాలో లెక్కలు చెప్పాడు. బృహస్పతి చుట్టూ తిరిగే చంద్రుల్ని 1610 జనవరిలో ఈ ఊరి ఆకాశంలోనే చూశాడు.

ఒక విగ్రహం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. జొవాన్నీ పొలేనీ. గణితం, భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మటం బీటలువారితే పోప్ ఈయన్ని పిలిపించాడు. ఈయన సలహా మీదే గుమ్మటానికి ఇనుప కట్లు వేశారు. ఈ విగ్రహాన్ని చెక్కింది ఇరవై ఏళ్లు దాటీ దాటని ఆంతోనియో కనోవా. ఐరోపా అంతా ఆయన పేరు చెప్పుకునే రోజులు ఇంకా రాలేదు. అసలు రాయి ఇప్పుడు మ్యూజియంలో భద్రంగా ఉంది, మీ ముందున్నది నకలు. అయినా బట్ట మడతల్లో ఆ పడుచు చేతి పనితనం తెలుస్తుంది.

నడుస్తున్నకొద్దీ విగ్రహాల వరస ఒకే తీరున లేదని గమనిస్తారు. కొన్నిచోట్ల మనుషులకు బదులు కోసుగా లేచిన రాతి స్తంభాలున్నాయి. అనుకున్న విగ్రహాలు మొత్తం 88. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చి వెనిస్ రాజ్యాన్ని కూలదోసింది. ఆ రాజ్యానికి అధిపతులైన డోజెల విగ్రహాలను కూడా పడగొట్టింది. ఇప్పుడు పది దిమ్మెల మీద మనుషులు లేరు. ఎనిమిదింటి మీద స్తంభాలు నిలిపారు. మిగిలిన రెండింటి మీద ఏమీ లేదు.

ఆ ఖాళీ దిమ్మెల్లో ఒకదాని ముందు నిలబడి ఇప్పటిదాకా చూసినవాళ్లను మళ్లీ లెక్కపెట్టండి. రాజులు, కవులు, వైద్యులు, సేనానులు, శిల్పులు. 78 మందీ మగవాళ్లే. శిల్పి ఆంద్రేయా బ్రియోస్కో విగ్రహం కాళ్ల దగ్గర వంగి చూస్తే ఒక స్త్రీ తల కనిపిస్తుంది. ఆమె గాస్పరా స్తాంపా, పాదువాలో పుట్టి 1554లో చనిపోయిన కవయిత్రి. 16వ శతాబ్దపు ఇటాలియన్ కవిత్వంలో ముందు వరసలో నిలిచే పేరు. ఆమెకు ఇక్కడ దక్కింది మరొకరి పాదాల దగ్గర ఒక చిన్న ప్రతిమ.

మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలేకొద్దీ దీవి మీద జనం పెరుగుతారు. పిల్లలు ఫౌంటెన్ దగ్గర నీళ్లు చిమ్ముకుంటారు. పుస్తకాలు తల కింద పెట్టుకుని కాలేజీ పిల్లలు పడుకుంటారు. 1222లో మొదలైన విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. ఏ మూల చూసినా విద్యార్థులే. ఇంతలో వంతెన మీద పెద్ద గోల. ఆ రోజే పట్టా పుచ్చుకున్న అమ్మాయి. తల మీద ఎర్ర రిబ్బన్ కట్టిన లారెల్ ఆకుల దండ. స్నేహితులు చుట్టూ మూగి ఆటపట్టిస్తూ పాడుతున్నారు. అమ్మ ఫోటోలు తీస్తోంది, నాన్న పూలగుత్తి పట్టుకుని ఏం చేయాలో తోచక నవ్వుతున్నాడు. దగ్గరికి వెళ్తే ఆ ఆకుల పచ్చి వాసన తెలుస్తుంది. పట్టా వచ్చిన రోజు లారెల్ దండ పెట్టుకోవడం ఇక్కడ ఇంటింటి వేడుక.

ఈ ఊళ్లో ఆ దండ తలకు పెట్టుకున్న మొదటి అమ్మాయి ఎలెనా లుక్రేజియా కోర్నారో పిస్కోపియా. 1646లో వెనిస్‌లో పుట్టింది. తండ్రి వెనిస్ పెద్దల్లో ఒకడు, తల్లి పేద పల్లె కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. ఏడేళ్ల వయసు నుంచే లాటిన్, గ్రీకు మొదలుపెట్టింది. తర్వాత హీబ్రూ, స్పానిష్, ఫ్రెంచ్ నేర్చింది. గణితం, తత్వశాస్త్రం, సంగీతం చదివింది. పెళ్లి సంబంధాలు వద్దంది. మతశాస్త్రంలో డాక్టరేట్ ఇవ్వాలని ఆమె తరఫున విశ్వవిద్యాలయాన్ని అడిగారు. పాదువా బిషప్ గ్రెగోరియో బర్బరీగో ఒప్పుకోలేదు. ఆడమనిషి మతశాస్త్రం బోధించడమేమిటన్నది ఆయన వాదన. చివరికి తత్వశాస్త్రంలో ఇవ్వడానికి రాజీ కుదిరింది. 1678 జూన్ 25న పరీక్ష. వచ్చిన జనానికి విశ్వవిద్యాలయం హాలు చాలదని పెద్ద చర్చికి మార్చారు. అరిస్టాటిల్ గ్రంథాల్లోంచి అడిగిన భాగాల మీద ఆమె లాటిన్‌లో మాట్లాడింది. పరీక్షకులు సరేనన్నారు. పుస్తకం, ఉంగరం, భుజాల మీదికి బొచ్చు వస్త్రం ఇచ్చి తలకు లారెల్ దండ పెట్టారు. ప్రపంచంలో విశ్వవిద్యాలయం నుంచి తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీ ఆమే. ఇటలీలో ఇంకో స్త్రీకి, బొలోన్యాలో లారా బస్సీకి, అలాంటి పట్టా రావడానికి 1732 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు కాలువ దాటి ఆ ఇటుక గోడ వైపు నడవండి. ఎలెనా బెనెడిక్టైన్ సన్యాసుల నియమాలను ఇంట్లోనే ఉండి పాటించింది. 1684లో 38 ఏళ్లకే చనిపోతే శాంతా జుస్తీనాలోనే ఖననం చేశారు. విగ్రహాల వలయానికి కొద్ది అడుగుల దూరంలో, ఈ గోడల లోపల ఆమె ఉంది. మెట్ల మీద కూర్చుని వెనక్కి తిరిగి చూడండి. చదువుకు పేరుపొందిన ఊరు తన చదువుకున్నవాళ్లందరినీ పిలిచి పెట్టుకున్న సభ ఎదురుగా ఉంది. ఆ సభలో ఆమె లేదు.

2021 చివర్లో ఇద్దరు నగర కౌన్సిలర్లు ఖాళీ దిమ్మె మీద ఎలెనా విగ్రహం పెడదామని ప్రతిపాదించారు. ఊరంతా చర్చ లేచింది. 18వ శతాబ్దపు కూర్పును ఇవాళ కదిలించకూడదని కొందరన్నారు. ఆ ఖాళీ కూడా చరిత్రే అని, నెపోలియన్ సైన్యం చేసిన పనికి సాక్ష్యమని వాదించారు. పెట్టాలంటే వేరే చోట పెట్టండన్నారు. విశ్వవిద్యాలయం పాత భవనంలో మెట్ల మొదట్లో ఆమె విగ్రహం ఎప్పటినుంచో ఉందిగా అని కూడా మాట వచ్చింది.

పాత కట్టడాల మీద ప్రేమతో అన్న మాటలే అవి, కొట్టిపారేయలేం. కానీ పొద్దున్నుంచీ ఈ గట్ల మీద నడిచిన కాళ్లకు ఇంకోటి తెలుసు. ఈ వరస ఎన్నడూ పూర్తయింది లేదు. నూరేళ్లకు పైగా పెరిగింది, సైన్యం చేతిలో విరిగింది, స్తంభాలతో అతుకు వేసుకుంది. కనోవా చెక్కిన రాయిని తీసి నకలు పెడితే అభ్యంతరం లేకపోయింది. మారుతూ రావడమే దీని స్వభావమైతే, ఒక స్త్రీ అడుగుపెట్టే దగ్గరే మార్పు ఆగిపోవాలనడం న్యాయం కాదు. ఆ మెట్ల దగ్గరి విగ్రహాన్ని చూడాలంటే విశ్వవిద్యాలయం లోపలికి వెళ్లాలి. ఈ గడ్డి మీద పడుకోవడానికి, సంతలో కూరగాయలు కొనడానికి, దండ పెట్టుకుని వంతెన దాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊరందరి చోటులో నిలబడితేనే ఊరు గౌరవించినట్టు.

మెమ్మో పెట్టిన షరతులు మూడే. ఎలెనా బతికి లేదు. సాధువని ఎవరూ ప్రకటించలేదు. ఇక పాదువాతో సంబంధం అంటే, ఇక్కడే పట్టా పుచ్చుకుంది, ఇక్కడే మట్టిలో కలిసింది. అర్హత ఉందా లేదా అన్న ప్రశ్నను ఈ ఊరి పండితులు 1678లోనే పరీక్ష పెట్టి తేల్చారు. దిమ్మె కూడా సిద్ధంగా ఉంది. ఆమెను ఎక్కించడమే తరువాయి.