కోటిపల్లి రైలుబస్సు

కాకినాడ టౌన్ స్టేషన్లో పెద్ద రైళ్ల హడావిడి దాటి ఇటు రండి. పట్టాల మీద ఒక్కటే పెట్టె నిలబడి ఉంది. ఇంజనూ అదే, బోగీ కూడా అదే. కోవిడ్‌కు ముందు ఏదో ఒక కోతల కాలం అనుకోండి. "కాస్త జరగండి బాబూ" అంటూ ఒక పెద్దావిడ గంపతో సహా మీ పక్కన సర్దుకుంటుంది.

ఊరు దాటగానే రెండు పక్కలా వరిచేలు. కొన్నిచోట్ల కోత అయిపోయింది, పనలు ఆరుతున్నాయి. కిటికీలోంచి పచ్చిగడ్డి వాసన. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు తడిపిన నేల ఇది. ఈ ధాన్యపు సీమ మధ్యగా 1928లో మొదటిసారి రైలు నడిచింది. పన్నెండేళ్లు తిరిగిందో లేదో, 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకేశారు. ఎక్కడో ఐరోపాలో రాజుకున్న యుద్ధానికి వెలంగి, రామచంద్రపురం రైతులు రైలు పోగొట్టుకున్నారు.

బండి ఆగింది. స్టేషన్ కాదు, గేటు. మనతో వచ్చిన ఉద్యోగే దిగి గేటు వేస్తాడు. బండి దాటి మళ్లీ ఆగుతుంది. ఆయన గేటు తీసి, పరుగున వచ్చి ఎక్కుతాడు. అవతల ట్రాక్టరు మీది కుర్రాడు నవ్వుతున్నాడు. ప్రతి గేటుకూ ఇదే తంతు. మొత్తం దూరం 45 కిలోమీటర్లే, కానీ తొందరున్నవాళ్లు ఆర్టీసీ బస్సే ఎక్కుతారు. రైలుబస్సు ఖాళీగా పోతోందని ఎద్దేవా చేసేవాళ్లకు ఇంత నెమ్మది ఎందుకో కూడా తెలియాలి.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడి భక్తులు దిగిపోయారు. పీకేసిన 64 ఏళ్లకు, 2004లో ఈ లైను మళ్లీ తెరుచుకుంది. దానికోసం పట్టుబట్టిన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి అప్పటికి లేరు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు.

కోటిపల్లి. ఇక్కడితో పట్టాలు అయిపోయాయి. సోమేశ్వరస్వామి గుడి, రేవు, ఎదురుగా గౌతమి. ముక్తేశ్వరం వెళ్లేవాళ్లు పంటు కోసం రేవులోకి దిగుతున్నారు. అసలు కోనసీమ ఆ ఒడ్డునే ఉంది. సగంలో వదిలేసిన లైనును నష్టాల లైను అనడం నాకు న్యాయంగా తోచదు. నరసాపురం దాకా 57 కిలోమీటర్ల పొడిగింపు 2000-01లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటి మీదా వంతెనలు పూర్తయి రైలు నడిస్తేనే అమలాపురం కొబ్బరికాయ తన ఊళ్లోనే రైలెక్కేది.