సంచార జాతులు – చట్టము వేసిన ముద్ర



మన గ్రామములకు చిరపరిచితులై యుండియు మనము సరిగా తెలిసికొనని ఒక జనసమూహమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఊరి వెలుపల చెట్లనీడను గుడిసెలు వేసికొని, బుట్టలు, తట్టలు అల్లి, సోదె చెప్పి, కొన్ని దినములకు మరియొక యూరికి తరలిపోవు ఎరుకలవారిని ఎరుగని పెద్దలు మీలో నుండరు. యక్షగానములందలి ఎరుకలసాని వీరి ఆడపడుచే. అట్టి జాతిని దొంగలజాతియని చట్టమే పేర్కొన్నది. అది యెట్లు సంభవించెనో విన్నవించెదను.

రైళ్లు లేని కాలమున సముద్రతీరపు ఉప్పు మెట్టసీమలకు చేరుటెట్లు? ఎరుకలవారు గాడిదలపైని, ఎద్దులపైని ఉప్పును మోపించుకొని లోపలి గ్రామములకు పోయి, దానికి మారుగా ధాన్యమును గైకొనుచుండిరి. లంబాడీలు పెరికెడ్ల మందలతో దేశమంతట సరకులు చేరవేసిరి. 1791లో కారన్‌వాలిసు టిప్పుసుల్తానుపై దండెత్తినప్పుడు ఆయన సేనకు తిండిగింజలు సమకూర్చినవారిలో లంబాడీలు ముఖ్యులు. కావున సంచారము వీరికి సోమరితనము గాదు, వృత్తి. ఆ వృత్తివలన స్థిరముగా నున్న గ్రామములే లాభపడుచుండెను.

1856లో మదరాసునుండి మొదటి రైలు నడచెను. 1871 నాటికి ఆ మార్గము కడపమీదుగా రాయచూరు చేరెను. వీరి మూపులమీదను, పశువులమీదను సాగిన వర్తకము బండ్లపాలయ్యెను. ఉప్పుపై ప్రభుత్వాధికారమును, పన్నును బిగిసెను. అడవులకు శాసనములు వచ్చి వెదురునకు, పశువుల మేతకు అడ్డు కలిగెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరవు మిగిలినదానిని కూడ హరించెను. కూడు పోయినను వీరి తిరుగుడు మాత్రము మిగిలెను. పనిలేక తిరుగువారిపై అనుమానము పుట్టుట ఎంతసేపు?

ఆ 1871లోనే ఉత్తరదేశమున నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911లో దానిని సవరించి మదరాసు రాజధానికిని వర్తింపజేసిరి. ప్రభుత్వము ఒక జాతిని ప్రకటించినచో, ఆ జాతివారి పేర్లు పట్టికలో నెక్కును. వ్రేలిముద్రలు తీయుదురు. చీటి లేనిదే ఊరు దాటరాదు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి పాఠశాలలందుంచుటకును అధికారము కలదు. వీరిలో దొంగతనములు చేసినవారు లేకపోలేదు. దొంగను పట్టి విచారించి శిక్షింపవలసినదే. అయితే నేరము చేయని తల్లికడుపున పుట్టిన పసివానికి సయితము పుట్టుకయే నేరమగుట ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతము?

ఇచ్చట పెద్దలైన మీరు గమనింపవలసిన దొకటి యున్నది. ఈ చట్టము పోలీసులతోనే నడచినది గాదు. ప్రకటితజాతివారి రాకపోకలను తెలియజేయు బాధ్యతను గ్రామాధికారులపైని, తలారులపైని, భూస్వాములపైని సయితము మోపినది. అనగా మన తాతల చావడులే ఈ చట్టమునకు చెవులును, కన్నులును అయ్యెను. ఏ యూరికి ఉప్పు మోసిరో ఆ యూరే వారిపై కావలి కాసెను.

పిమ్మట వీరిని ఒకచోట నిలుపుటకై సెటిల్‌మెంట్లు వెలసెను. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవసంస్థ నడపిన స్టూవర్టుపురము అట్టిది. మదరాసు ప్రభుత్వమున ఉన్నతపదవి నధిష్ఠించిన హెరాల్డు స్టూవర్టు పేర అది ఏర్పడెను. అందు బడులు పెట్టిరి, సేద్యము నేర్పిరి. మేలు జరుగలేదని నేననను. కాని హాజరు పలుకుటయు, చీటి లేక కదలరాకుండుటయు ఆ మేలుతో కలసియే యుండెను. నేటికిని ఆ యూరి పేరు చెప్పినంతనే కొందరు నవ్వుదురు. ఆ యూరిలో పుట్టి చదువుకొని ఉద్యోగము కోరు యువకునికి ఆ నవ్వు ఎంత భారమో తలచుకొనుడు.

స్వాతంత్ర్యము రాగా, 1947లోనే మదరాసు రాష్ట్రమున ఈ చట్టము రద్దయ్యెను. మన తిరుపతి ప్రాంతీయులైన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన 1949లో ఒక సంఘము దేశమంతట విచారణ జరిపెను. తుదకు 1952 ఆగస్టు 31న చట్టము దేశమున నెల్లెడల తొలగెను. అప్పటినుండి వీరు విముక్తజాతులని పిలువబడుచున్నారు. అయినను పలుచోట్ల అలవాటు నేరస్థుల చట్టములు వచ్చి పాత యనుమానమునకు క్రొత్త తలుపు తెరచెను. 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు చెరసాలల నియమములలో విముక్తజాతులపై మిగిలియున్న ఇట్టి మాటలను తప్పుపట్టవలసివచ్చెను. చట్టము చచ్చిన డెబ్బదిరెండేండ్లకును దాని మాట చావలేదు!

ఎరుకలవారును, లంబాడీలును నేడు షెడ్యూల్డు తెగలలో నున్నారు. దొమ్మరివారు మొదలగు మరికొందరు వెనుకబడిన తరగతులలో నున్నారు. కాని హక్కు కాగితముమీద నుండుట వేరు, చేతికందుట వేరు. నిలుకడయైన ఇల్లు లేనివానికి ఓటు, రేషనుకార్డు, కులధ్రువపత్రము దొరకుట కష్టము. విచారణకు వచ్చిన అధికారి మొట్టమొదట అడుగునది ఊరి పెద్దలనే గదా!

ఆ దినమున మీ నోట వెలువడు మాటయే వారికి ముఖ్యము. ఒకనాడు చావడివద్ద “వీరు వచ్చినారు, జాగ్రత్త” యని వ్రాసి పంపిన గ్రామమే నేడు “వీరు మావారు, ఇచ్చటనే యుందురు” అని సాక్ష్యము పలుకవచ్చును. దొంగతనము జరిగినప్పుడు గుడిసెలవైపు చూచుటకు ముందు ఆధారమేమని యడుగవచ్చును. వారి బిడ్డను బడిలో ముందువరుసను కూర్చుండబెట్టవచ్చును. పార్లమెంటు చేయవలసిన పనిని అది 1952లో చేసినది. మిగిలిన పని మన గ్రామములది.