అంతరిక్షయానము – ప్రాణవాయువు

గగనమున కెగురవలెనను కోరిక మానవునకు నేటిది కాదు. సంపాతి కథ ఎఱుగని తెలుగువారు అరుదు. తమ్ముడు జటాయువును తన రెక్కల నీడను కాపాడి, సూర్యతాపమునకు ఆ రెక్కలను కాల్చుకొని నేల గూలిన ఆ పక్షిరాజే పిదప వానరులకు సీత జాడ చెప్పెను. అపాయమునకు గురియైన వానినే మార్గము తెలుపువానిగా ఆదికవి ఎందుకు చిత్రించెనో గాని, ఇరువదవ శతాబ్దపు అంతరిక్షయాన చరిత్రను చదువునప్పుడు ఆ కథ మాటిమాటికి జ్ఞప్తికి వచ్చును.

అంతరిక్షయానమనగానే రాకెట్టును, దాని మంటయు, దాని వేగమును కన్నులకు గట్టును. కాని ఆ రాకెట్టు కొనయందు కూర్చున్న మనుష్యునకు మొదట కావలసినది గాలి. అన్నము లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు బ్రతుకవచ్చును; గాలి లేనిచో కొన్ని నిమిషములే. నేలపై నున్నంత కాలము ఎవరును దానిని గూర్చి తలపోయరు. భూమిని విడిచి పోవువాడు మాత్రము తన గాలిని తానే మూటగట్టుకొని పోవలెను. ఆ మూటను ఎట్లు కట్టవలెనను విషయము తెలిసికొనుటకే పలువురి ప్రాణములు వ్యయమయ్యెను.

ఈ విషయమున రెండు గొప్ప దేశములు రెండు దారులు పట్టెను. సోవియట్ శాస్త్రజ్ఞులు నౌకలోని గదిని నేలమీది గాలితోనే, నేలమీది ఒత్తిడితోనే నింపిరి. అమెరికావారు బరువు తగ్గింపదలచి, నత్రజనిని విడిచి, కేవల ప్రాణవాయువును నేలమీది ఒత్తిడిలో ఇంచుమించు మూడవ వంతు ఒత్తిడితో వాడిరి. ఒత్తిడి తక్కువైనచో గోడలు పలుచగా నుండవచ్చును; వాయువు ఒక్కటే యైనచో పరికరములును తగ్గును. ఊపిరితిత్తులకు ఈ రెండు పద్ధతులును సరిపోవును. అయితే ప్రాణవాయువు ఎక్కువైన చోట నిప్పు పట్టినచో దానిని ఆపుట అసాధ్యము.

ఆ సంగతి మొదట అనుభవమునకు వచ్చినది సోవియట్ దేశముననే. 1961 మార్చి 23న మాస్కోలో వలెంటిన్ బొండరెంకో అను 24 ఏండ్ల వైమానికుడు, ప్రాణవాయువు పాలు హెచ్చుగా నున్న తక్కువ ఒత్తిడి గదిలో ఏకాంతవాస పరీక్షయందుండెను. శరీరమున కంటించిన పరికరములను తీసివేసి, ఆ చోట్లను మద్యసారముతో తడిపిన దూదితో తుడుచుకొని, ఆ దూదిని ప్రక్కకు పారవేసెను. అది విద్యుత్ పొయ్యిపై పడెను. లోపలి ఒత్తిడికిని వెలుపలి ఒత్తిడికిని గల భేదము వలన తలుపు వెంటనే తెరచుటకు వీలు కాలేదు. ఒడలెల్ల కాలిన ఆ యువకుడు కొన్ని గంటలలో మరణించెను. ఇరువది దినములకు, ఏప్రిల్ 12న, యూరీ గగారిన్ 108 నిమిషముల యానము గావించి లోకమును ఆశ్చర్యపరచెను. బొండరెంకో పేరు మాత్రము 1986 వరకు సోవియట్ పత్రికలలో వెలువడలేదు.

ఆ వార్త సకాలమున తెలిసియున్నచో అమెరికావారు జాగ్రత్తపడియుందురని కొందరందురు. అది పూర్తిగా నమ్మదగిన మాట కాదు. అమెరికా ప్రయోగశాలలలో సైతము ప్రాణవాయువు నింపిన గదులలో అగ్నిప్రమాదములు అంతకుముందే జరిగియుండెను. తెలియకపోవుట కాదు, తెలిసిన దానిని తమకు వర్తింపజేసికొనకపోవుటయే అచటి లోపము. 1967 జనవరి 27న అపోలో నౌకలో గ్రిస్సమ్, వైట్, చాఫీ అను ముగ్గురు నేలమీదనే ఒక పరీక్షకై కూర్చుండిరి. రాకెట్టులో ఇంధనము లేదు గనుక దానిని అపాయకరమైన పరీక్షగా ఎవరును ఎంచలేదు. గదిలో కేవల ప్రాణవాయువు, అదియు బయటి గాలి కంటె హెచ్చు ఒత్తిడితో నింపబడియుండెను. విద్యుత్ తీగల వలన నిప్పు లేచియుండునని పిదప విచారణ సంఘము భావించెను. శూన్యమున పొరపాటున తెరచుకొనకుండునట్లు లోపలి తలుపును లోనికే తెరచుకొనునట్లు అమర్చిరి. మంటవలన పెరిగిన ఒత్తిడి ఆ తలుపును ఇంకను బిగించెను. మామూలుగా దానిని తెరచుటకే నిమిషమున్నర పట్టును. వారికి అంత వ్యవధి లేకపోయెను. ఆ పిమ్మట అమెరికావారు కొన్ని సెకండ్లలో వెలుపలికి తెరచుకొను తలుపు చేసిరి. నేలమీద గదిలో నింపు వాయువున నత్రజనిని కలిపిరి. మండు స్వభావము గల బట్టలను, వలలను తొలగించిరి. మనుష్యులను చంద్రుని కడకు కొనిపోయిన నౌక ఆ మార్పులు జరిగిన నౌకయే.

ఈ నడుమ 1965 మార్చి 18న అలెక్సీ లియోనోవ్ నౌక వెలుపలికి వచ్చి శూన్యమున తేలియాడిన మొదటి మానవుడయ్యెను. ఆతడు వెలుపల నున్నది 12 నిమిషములు. అంతలోనే నేలమీద ఏ ప్రయోగశాలయు సరిగా చూపజాలని ఒక విషయము బయటపడెను. లోపలి గాలి వలన ఉడుపు ఉబ్బి, బిగిసి, వ్రేళ్లు చేతితొడుగుల కొనల నుండి వెనుకకు జారిపోయెను. లోనికి మరలి వచ్చుట దుస్తరమయ్యెను. లియోనోవ్ ఉడుపులోని గాలిని కొంత విడిచి, ఒత్తిడి తగ్గించి, కాళ్లతో ప్రవేశింపవలసిన ద్వారమున తలతో ప్రవేశించెను. తన ఊపిరిని తానే కొంత పారవైచి ప్రాణము దక్కించుకొనెనని చెప్పవచ్చును.

1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌకయందు ప్రాణవాయువు తొట్టి పేలిన కథ చలనచిత్రముగా వచ్చినందున అందరికిని తెలిసినదే. చంద్రునిపై ఇద్దరు రెండు దినములుండుటకు నిర్మించిన చిన్న నౌకలో ముగ్గురు నాలుగు దినములు తలదాచుకొనిరి. అందు ప్రాణవాయువునకు కొఱత లేదు. వారు విడిచిన బొగ్గుపులుసు గాలియే వారిని చంపజూచెను. దానిని పీల్చు పెట్టెలు ఒక నౌకలో చదరముగాను, రెండవ నౌకలో గుండ్రముగాను ఉండెను. అట్టలు, ప్లాస్టిక్ సంచులు, అంటుపట్టీలు కలిపి ఆ రెంటిని అతికిరి. ఒకే యాత్రకు పోవు రెండు నౌకల పెట్టెలు ఒకే ఆకారమున నుండవలెనని ముందుగా ఎవరికిని తోచకపోవుట ఆశ్చర్యకరము.

ఇక ఈ చరిత్రలో మిక్కిలి విషాదకరమైన ఘట్టము సోయుజ్ 11 నౌకది. 1971 ఏప్రిల్ 19న సోవియట్‌వారు సాల్యుట్ 1 అను మొదటి అంతరిక్ష నివాసమును పైకి పంపిరి. అందు వసించుటకు జూన్‌లో లియోనోవ్, కుబసోవ్, కొలోదిన్ అను ముగ్గురు పోవలసియుండెను. ప్రయాణమునకు కొలది దినముల ముందు కుబసోవ్ ఊపిరితిత్తి ఎక్స్‌రేలో ఒక మచ్చ కనబడెను. క్షయయేమో యని వైద్యులు శంకించి, ముగ్గురిని ఆపి, బదులుగా సిద్ధపరచియున్న ముగ్గురిని పంపిరి. ఆ మచ్చ క్షయ కాదని పిదప తేలెను. అట్లు జూన్ 6న బయలుదేరినవారు దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్.

వారు సాల్యుట్‌లో ప్రవేశించిన మొదటి మానవులు. ముందటి సంవత్సరము 18 దినములు కక్ష్యలో గడపి వచ్చిన ఇద్దరు నేలపై నిలువజాలనంత నీరసించియుండిరి. కనుక అంతకంటె ఎక్కువ కాలము భారరహిత స్థితిలో మనుష్యుడు బ్రతికి బట్టకట్టగలడా యనునది ఆనాటి పెద్ద ప్రశ్న. ఆ ముగ్గురు పరుగుపట్టీపై వ్యాయామము చేసిరి; చిన్న పెట్టెలో అవిసె మొదలగు మొక్కలను పెంచిరి. ఓరియన్ అను దూరదర్శినితో, నేలమీదికి చేరని అతినీల కిరణములలో, నక్షత్రముల వర్ణపటములను పత్సాయెవ్ గ్రహించెను. వాతావరణమునకు ఆవల దూరదర్శినిని నడపిన మొదటి మానవుడాతడు. జూన్ 19న తన జన్మదినమును కూడ ఆతడక్కడనే జరుపుకొనెను. సోవియట్ ప్రజలు టెలివిజన్‌లో ఆ ముగ్గురిని చూచి చూచి ఇంటివారివలె భావింపసాగిరి.

జూన్ 29న వారు మరలి రాబూనిరి. తలుపు సరిగా మూసికొనలేదని ఒక దీపము హెచ్చరించెను. వారు పలుమారులు సరిచూచి, తలుపు గట్టిగానే యున్నదని నిశ్చయించుకొనిరి. అది నిజమే; తలుపు గట్టిగానే యుండెను. అపాయము దీపము చూపని చోట నుండెను. నౌక భాగములు విడిపోవునపుడు, ఒకదాని వెంట ఒకటి పేలవలసిన బోల్టులు ఒక్కసారిగా పేలెను. ఆ అదురునకు, భూమికి దగ్గరగా వచ్చిన పిదప బయటి గాలిని లోనికి రానిచ్చుటకై అమర్చిన ఒక చిన్న కవాటము 168 కిలోమీటర్ల ఎత్తుననే తెరచుకొనెను. గదిలోని గాలి రెండు నిమిషములలోపుననే వెలికిపోయెను. ఆ కవాటమును చేతితో మూయుటకు వీలు కలదు. కాని దానిని పూర్తిగా మూయుటకు పట్టు కాలము కంటె స్పృహ నిలుచు కాలము తక్కువ.

నౌక తనంతట తానే క్రిందికి దిగెను. గొడుగు విచ్చుకొనెను. జూన్ 30 తెల్లవారుజామున కజకిస్తాన్ మైదానమున మెల్లగా వ్రాలెను. హెలికాప్టర్లలో వచ్చినవారు తట్టగా లోనినుండి సమాధానము రాలేదు. తలుపు తెరచి చూడగా ముగ్గురును తమ ఆసనములలో నిర్జీవులై యుండిరి. దేహములు ఇంకను వెచ్చగా నుండుటచే కృత్రిమ శ్వాసకు ప్రయత్నించిరి, ఫలింపలేదు. అంతరిక్షముననే మరణించిన మానవులు నేటివరకు వారు మువ్వురే.

ఆ దినములలో లోకమును కలవరపెట్టిన సందేహము మరియొకటి. 23 దినముల భారరహిత స్థితియే వారి గుండెలను ఆపివేసెనా? అది నిజమైనచో మానవుని అంతరిక్షయానము అంతటితో ముగిసినట్లే. విచారణ ఆ సందేహమును తీర్చెను. కవాటమే కారణమని, దీర్ఘవాసము కాదని తేలెను. 1973–74లలో అమెరికావారు స్కైలాబ్‌యందు వరుసగా 28, 59, 84 దినములుండిరి. 1994–95లలో వలేరీ పొల్యకోవ్ అను వైద్యుడు మీర్ కేంద్రమున 437 దినములు గడపి, నేల దిగినపుడు నడచి చూపెను.

కాని ఆ ముగ్గురికి రక్షణ ఉడుపు లేల లేకపోయెను? ఉన్నచో బ్రతికియుందురు. ఇద్దరు పట్టు నౌకలో ముగ్గురిని ఎక్కించుటకు ఉడుపులు అడ్డమని తీసివేసిరి. అట్లు మొదట జరిగినది 1964లో, వోస్ఖోద్ నౌకలో. ఆనాడు ఏమియు కాలేదు. ఏమియు కాలేదు గనుక అది వాడుకగా నిలిచెను. అమెరికాలో 1986లో చాలెంజర్, 2003లో మన కల్పనా చావ్లా పయనించిన కొలంబియా నశించుటకు సైతము మూలము ఇట్టిదే. అంతకుముందు యానములలో కనబడిన లోపము హాని చేయలేదు గనుక దానిని సహించిరి.

సోయుజ్ 11 పిమ్మట రెండేండ్లకు పైగా ఏ సోవియట్ మానవుడును పైకి పోలేదు. 1973 సెప్టెంబరులో సోయుజ్ 12 ఇద్దరితోనే ఎగిరెను; మూడవ ఆసనపు చోటు ఉడుపులకును వాటి వాయు పరికరములకును ఇయ్యబడెను. ఆ ఉడుపు పేరు సొకోల్, అనగా డేగ. గదిలో గాలి పోయినను లోనివాడు బ్రతుకునట్లు దానిని కుట్టిరి. మాస్కోలో ఆ ముగ్గురి అంత్యక్రియలందు భుజము పట్టినవారిలో అమెరికా వ్యోమగామి టామ్ స్టాఫర్డ్ ఒకడు. 1975 జూలైలో రెండు దేశముల నౌకలు కక్ష్యలో కలసినపుడు స్టాఫర్డ్ చేయి కలిపినది లియోనోవ్‌తో. లియోనోవ్ ప్రక్కన నున్నవాడు కుబసోవ్. ఊపిరితిత్తిలోని మచ్చ వలన మిగిలినవారే వారిద్దరును.

దీర్ఘవాసము వలన గాలిని గూర్చియే క్రొత్త సంగతులు తెలియవచ్చెను. భారము లేని చోట వేడిగాలి పైకి లేవదు. కనుక నిద్రించువాడు విడిచిన ఊపిరి ఆతని మొగము చుట్టే నిలిచియుండును. విసనకఱ్ఱ తిరుగనిచో ఆతడు తన ఊపిరినే మరల పీల్చును. 1992లో షటిల్ నౌకపై వెలిగించిన కొవ్వొత్తి మంట నీలి రంగున గుండ్రని బుడగవలె వెలిగెను. కాని 1997 ఫిబ్రవరిలో మీర్ కేంద్రమున ప్రాణవాయువు నిచ్చు రసాయన కడ్డీ అంటుకొని, ఆరుగురు ముసుగులు తగిలించుకొని పోరాడినపుడు ఆ మంట బుడగవలె లేదు. తన ప్రాణవాయువును తానే పుట్టించుకొనుచు కొలిమి జ్వాలవలె చిమ్మెను. అంతర్జాతీయ కేంద్రమున నీటిని విద్యుత్తుతో విడదీసి ప్రాణవాయువును తీయు పద్ధతి వెలసెను. 2021 ఏప్రిల్‌లో అంగారకునిపై ఒక యంత్రము అచటి బొగ్గుపులుసు గాలి నుండి 5 గ్రాములకు పైగా ప్రాణవాయువును తీసెను. ఒక మనుష్యునకు సుమారు పది నిమిషముల ఊపిరి.

సొకోల్ ఉడుపు ధరించిన వారిలో, హైదరాబాదున చదివి, నిజాం కళాశాల విద్యార్థియై, వాయుసేనలో చేరిన రాకేశ్ శర్మ ఒకడు. 1984 ఏప్రిల్ 3న ఆతడు బైకనూర్ నుండి బయలుదేరిన నౌక సోయుజ్ టి-11. అందు మరల ముగ్గురు, కాని ముగ్గురికిని ఉడుపులు. సాల్యుట్ 7లో వారము దినములుండి ఏప్రిల్ 11న సోయుజ్ టి-10లో కజకిస్తాన్ మైదానముననే దిగెను. కేంద్రమును విడుచుటకు ముందు ముఖకవచము దించి, చేతితొడుగులు బిగించి, ఉడుపులో గాలి నిలుచుచున్నదో లేదో చూచుకొనుట ఆ నాటికి నియమమై యుండెను. ఆతడు దిగివచ్చిన ఆ గది, వేడికి నల్లబడిన గోడలతో, ఆతని ఉడుపుతో కూడ, కొత్త ఢిల్లీలో తీన్‌మూర్తి ప్రాంగణపు నెహ్రూ తారామండలమున ప్రదర్శనకు ఉంచబడినది. దాని లోపలి ఇరుకును చూచినవారికి మూడు ఉడుపులకు చోటు లేదని ఒకనాడు ఎందుకనిరో తెలియును.